అటక మీద దొరికిన స్పెక్ట్రమ్: ముందు క్యాసెట్లు, ఆ తర్వాతే కరెంటు

ఒకరు ఉత్తరంలో అడిగిన ప్రశ్న ఇది. కావలిలో అమ్మగారి ఇల్లు బాగుచేయిస్తుంటే, 1987లో నాన్నగారు మద్రాసు నుంచి తెచ్చిచ్చిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటర్ అటక మీద దొరికింది. దాంతోపాటు ఒక బిస్కెట్ల డబ్బా నిండా క్యాసెట్లు. కొన్ని ఆటలవి, కొన్ని ఏడో తరగతిలో తను సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములవి. ప్లగ్గు పెట్టి చూడొచ్చా? ఇన్నేళ్లయ్యాక క్యాసెట్లు పనిచేస్తాయా? ఫోన్లోనే ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌లాగా నడిచే సాఫ్ట్‌వేర్) దొరుకుతుంటే దీనిమీద డబ్బు పెట్టడం అవసరమా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

మొదటిదానికి జవాబు: పెట్టొద్దు. ఇంకా పెట్టలేదనే ఆశిస్తున్నాను. రెండోదానికి: చాలావరకు పనిచేస్తాయి, జాగ్రత్తగా చేస్తే. మూడోది కాస్త వివరంగా చెప్పాలి, చివర్లో చెబుతాను.

నేను నెల్లూరులో టీవీలు, టేప్‌రికార్డర్లు రిపేరు చేస్తూ ఇందులోకి వచ్చినవాణ్ణి. కంప్యూటర్ మొదట ముట్టుకుంది స్కూల్లో, బీబీసీ మైక్రో మీద. 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకు వచ్చిన మెషిన్లవి. ఇళ్లలోకి వచ్చినవి మాత్రం ఎక్కువగా మీ దగ్గరున్న స్పెక్ట్రమ్ లాంటివే. ఇంగ్లండులో సర్ క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్లో జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ విడుదల చేసింది. రబ్బరు మీటలు తీసేసి గట్టి ప్లాస్టిక్ మీటలు పెట్టిన స్పెక్ట్రమ్ ప్లస్ 1984లో వచ్చింది. దాన్నే లైసెన్సు మీద పుణేలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో మన దేశంలో అమ్మారు. నా బల్ల మీదకు వచ్చినవాటిలో కొన్ని సూళ్లూరుపేట వైపు షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) కుటుంబాల నుంచి వచ్చాయి, కొన్ని ఒంగోలు నుంచి. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ల ఇంట్లో అయితే ఒకసారి సఖ్ర్ పేరుతో వచ్చిన ఎంఎస్ఎక్స్ అనే మరో రకం ఇంటి కంప్యూటర్ దొరికింది, మీటల మీద అరబిక్ అక్షరాలతో సహా. మన జిల్లాల్లో ఇలాంటివి ఎవరింట్లో ఉంటాయిలే అనుకుంటారు గానీ, అటకలు దులిపితే ఇంకా చాలా బయటపడతాయని నా నమ్మకం.

ఇక్కడ అందరూ చేసేది ఏమిటంటే, కంప్యూటర్ మీద పడతారు, క్యాసెట్ల డబ్బా పక్కన పెడతారు. తిరగేసి చేయండి. స్పెక్ట్రమ్ లక్షల్లో తయారైంది. మీది పూర్తిగా పోయినా ఇంకోటి సంపాదించవచ్చు, దాని ప్రతి భాగానికీ ఇవాళ ప్రత్యామ్నాయం ఉంది. ఆటల క్యాసెట్లు పోయినా ఫర్వాలేదు, వాటి కాపీలు ఎప్పుడో భద్రపరిచారు. ఏడో తరగతి కుర్రాడు రాసిన ప్రోగ్రాములు మాత్రం ప్రపంచంలో ఆ ఒక్క టేపు మీదే ఉన్నాయి. అందుకని మొదటి పని టేపులే.

డబ్బా తెరిచి ఒక్కో క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి చూడండి. కావలి అంటే తుమ్మలపెంట సముద్రం పక్కనే, గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. చుట్ట అంచు మీద తెల్లగా బూజులాగా కనబడితే ఆ క్యాసెట్‌ను పక్కన పెట్టేయండి. దాన్ని ప్లేయర్‌లో వేస్తే బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని మిగతావాటికి పాకుతుంది. రెండోది, క్యాసెట్ నోటి దగ్గర టేపు వెనక చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, టేపును హెడ్డుకు ఒత్తిపట్టేది. జిగురు ఎండిపోయి అది ఊడిపోతుంది. అది లేకపోతే శబ్దం మసకగా వస్తుంది, డేటా చచ్చినా చదవదు. అలాంటి టేపును స్క్రూలున్న మరో క్యాసెట్ డొక్కులోకి మార్చుకోవాలి. మూడోది, పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి ఇంకా విరగకుండా ఉంటే ఇప్పుడే విరిచేయండి. ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరిగిపోదు. డబ్బాలో కలరా ఉండలు వేసి ఉంటే వాటిని తీసి బయట పారేయండి, కంప్యూటర్ పెట్టెలో ఉన్నా సరే. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరిచి పాడుచేస్తుంది.

ప్లేయర్ సంగతి. పాత టూ-ఇన్-వన్ ఇంట్లో ఉంటే అదే వాడదామనిపిస్తుంది. కానీ ఇన్నేళ్లు మూలనపడ్డ దాంట్లో బెల్టు కరిగి తారులాగా అయి ఉంటుంది. ఊళ్లో పాత టేప్‌రికార్డర్ మెకానిక్ ఎవరైనా మిగిలి ఉంటే ఆయన చేత బెల్టు, ఒత్తే రబ్బరు చక్రం మార్పించండి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాటన్ బడ్‌తో తుడవండి. ముందు ఎందుకూ పనికిరాని పాటల క్యాసెట్ ఒకటి వేసి, టేపు నమలడం లేదని రూఢి చేసుకున్నాకే మీ క్యాసెట్ పెట్టండి. పెట్టగానే ప్లే నొక్కకుండా, ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్లతరబడి ఒకే బిగువులో ఉన్న చుట్ట కాస్త సడలుతుంది.

ఇప్పుడు రికార్డింగు. టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ వేసి, ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగు ప్రోగ్రాములో 44,100 హెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలుగా పట్టండి. ఎంపీ3గా వద్దు. అది మన చెవికి పాట బాగా వినిపించడం కోసం మిగతాదంతా తీసేస్తుంది, ఆ తీసేసిన దాంట్లో మన డేటా ఉండొచ్చు. ల్యాప్‌టాప్‌లో మైకు రొద తగ్గించే సదుపాయాలన్నీ ఆపేయండి. ప్లేయర్‌లో డాల్బీ (రొద తగ్గించే మీట) ఉంటే ఆపండి. శబ్దం మరీ పెంచి అలల తలలు తెగిపోయేలా చేయొద్దు. స్టీరియో ప్లేయర్ అయితే రెండు చానళ్లూ కలపకుండా విడివిడిగా పట్టి, ఏది బాగుంటే అది తీసుకోండి. ప్రతి క్యాసెట్‌నూ రెండుసార్లు రికార్డు చేయండి. ఒకదాంట్లో పోయిన ముక్క ఇంకోదాంట్లో దొరకడం నేను చాలాసార్లు చూశాను.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆ కిర్రుమనే శబ్దంలో సమాచారం ఎలా కూర్చుందో తెలిస్తే, టేపులు ఇన్నేళ్లు ఎందుకు బతికాయో కూడా తెలుస్తుంది. స్పెక్ట్రమ్ సున్నాను రాయాలంటే సుమారు 2,000 హెర్ట్జ్ అల రాస్తుంది. ఒకటి అనే అంకెను రాయాలంటే దానికి రెట్టింపు పొడవున్న అల, అంటే సుమారు 1,000 హెర్ట్జ్‌ది రాస్తుంది. చదివేటప్పుడు అది చూసేది అల ఎంత ఎత్తుందని కాదు, ఎంతసేపు ఉందని. అందుకే టేపు మీద శబ్దం సగానికి సగం సన్నగిల్లినా, అలల మధ్య కాలం చెడకపోతే చాలు, మొత్తం చదివేస్తుంది. పాటకైతే గొంతు పోయిందంటాం, దీనికి ఆ బాధ లేదు. అసలు శత్రువు వేగంలో ఊగిసలాట, ఇంకా హెడ్డు వంకర. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. శబ్దం మందంగా వస్తుంటే దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ వినండి. ఒక చోట కీచుదనం ఒక్కసారిగా పదునెక్కుతుంది. అక్కడ ఆపండి. ఆ టేపు రికార్డయినప్పుడు మీ ఇంటి టేప్‌రికార్డర్ హెడ్డు ఏ కోణంలో ఉందో, ఇప్పుడు మీరు సరిగ్గా ఆ కోణానికి చేరుకున్నారు.

ప్రతి ప్రోగ్రాము ముందూ కొన్ని సెకన్లపాటు ఒకే స్థాయిలో సాగే కూత వినబడుతుంది. దాని తర్వాత ఒక చిన్న ముక్క, 17 బైట్లది. అందులో ఫైలు రకం, పొడవు, పది అక్షరాల్లోపు పేరు ఉంటాయి. ఒంగోలు దగ్గర పల్లె నుంచి ఒకాయన తెచ్చిన క్యాసెట్ మీద లేబుల్ చిరిగిపోయి ఉంది. ఏముందో ఆయనకు గుర్తులేదు. ఆ 17 బైట్లు చదవగానే తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, పొగాకు అని పేరొచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాన్న పొగాకు బేళ్ల బరువులు, గ్రేడువారీ ధరలు లెక్కవేయడానికి తను పదో తరగతి సెలవుల్లో రాసిన ప్రోగ్రాము అది. అసలు ప్రోగ్రాము ముక్క మాత్రం మధ్యలో తప్పుతోంది. ప్రతి ముక్క చివరా సరిచూసుకోవడానికి ఒక బైటు ఉంటుంది. లోపల ఒక్క బిట్టు తేడా వచ్చినా స్పెక్ట్రమ్ టేప్ లోడింగ్ ఎర్రర్ అని ఆగిపోతుంది. కంప్యూటర్లో ఆ అలలను పెద్దవి చేసి చూస్తూ పోతే ఒక చోట టేపు మడత పడిన గుర్తు కనిపించింది, ఒకే ఒక్క అల నలిగిపోయి. పక్కవాటిని చూసి దాన్ని చేత్తో సరిదిద్దాక చివరి బైటు సరిపోయింది. ప్రోగ్రాము లిస్టులో వరసగా డేటా లైన్లు, ఆ ఏడాది వాళ్లింటి బేళ్ల బరువులు. మీ టేపుల్లో ఏముందో నాకు తెలియదు గానీ, కరెంటు పెట్టే తొందరలో వాటిని వదిలేయొద్దని చెప్పడం ఇందుకే.

పట్టిన వేవ్ ఫైళ్లను ఫ్యూజ్ అనే ఉచిత ఎమ్యులేటర్‌తోపాటు వచ్చే ఆడియో2టేప్ పనిముట్టు ఎమ్యులేటర్ చదవగలిగే ట్యాప్, టీజడ్‌ఎక్స్ ఫైళ్లుగా మారుస్తుంది. మారినవి ఎమ్యులేటర్‌లో తెరిచి చూసుకోండి. తెరిచినవన్నీ రెండు మూడు చోట్ల దాచండి. వేవ్ ఫైళ్లు కూడా తీసేయొద్దు. ఇది పూర్తయ్యాక కంప్యూటర్ సంగతి చూద్దాం.

స్పెక్ట్రమ్‌కు కావాల్సింది 9 వోల్టుల డీసీ, సుమారు ఒకటిన్నర ఆంపియర్లు. దీంతో వచ్చే ఎలిమినేటర్ (పాత అడాప్టర్) వోల్టేజీని స్థిరంగా ఉంచే రెగ్యులేషన్ లేనిది, అందుకని లోడు లేకుండా మల్టీమీటర్ పెడితే 12, 13 వోల్టులు చూపినా కంగారుపడొద్దు. కానీ ఇన్నేళ్ల ఎలిమినేటర్‌లో కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని దాచుకుని, కొత్త 9 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ కొనండి. ఇక్కడే చాలామంది బోర్డు కాల్చుకునేది: స్పెక్ట్రమ్ పిన్ను లోపల మైనస్, బయట ప్లస్. మన షాపుల్లో దొరికే అడాప్టర్లు దాదాపు అన్నీ లోపల ప్లస్. షాపువాడు సరిపోతుందిలే అన్నా వినకండి. మీటర్ పెట్టి చూసి, తీగలు తిప్పి సోల్డరింగ్ చేయించి, మళ్లీ మీటర్ పెట్టి చూశాకే గుచ్చండి.

గుచ్చే ముందు మూత తీయాలి. అటక మీద ఉన్నది కదా, బొద్దింకలు, ఎలుకల మూత్రం, పెంకుల దుమ్ము, ఏదైనా ఉండొచ్చు. తెరిచేటప్పుడు జాగ్రత్త పడాల్సింది కీబోర్డు దగ్గర. మీటల కింద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని నుంచి రెండు పట్టీలు బోర్డు మీది సాకెట్లలోకి దిగుతాయి. పాతబడ్డాక అవి ఎండుటాకులా పెళుసెక్కుతాయి. మూత గబుక్కున ఎత్తారో, పటుక్కున విరుగుతాయి. ఒక పక్క కొద్దిగా ఎత్తి, పట్టీలను సాకెట్ దగ్గర పట్టుకుని నిటారుగా పైకి లాగండి. విరిగినా దిగులొద్దు, కొత్త పొరలు ఇప్పటికీ తయారవుతున్నాయి, ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు. నిజానికి చాలా మెషిన్లకు ఎలాగూ అవి మార్చాల్సిందే.

బోర్డును మెత్తటి బ్రష్షుతో, ఐసోప్రొపైల్‌తో శుభ్రం చేసి, ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కొత్తవి వేయించండి. ఖరీదు పెద్దగా ఉండదు. పినాకిని రైలెక్కి చెన్నై వెళ్తే రిచీ స్ట్రీట్‌లో అన్నీ దొరుకుతాయి, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్‌తో సహా. ఆ తర్వాత కరెంటు ఇచ్చి వెంటనే కొలవాల్సింది కింది ర్యామ్ (మెమరీలో మొదటి 16 కేబీ) వోల్టేజీలు. అందులో ఉండే 4116 అనే మెమరీ చిప్పులకు (ఐసీలకు) ఒకటి కాదు, మూడు వోల్టేజీలు కావాలి: 1వ పిన్నులో మైనస్ 5, 8వ పిన్నులో ప్లస్ 12, 9వ పిన్నులో ప్లస్ 5. ఈ మైనస్ 5, ప్లస్ 12లను బోర్డు మీదే ఒక చిన్న కాయిలు, రెండు ట్రాన్సిస్టర్లు కలిసి తయారుచేస్తాయి. మైనస్ 5 లేకుండా 4116ను నడిపితే ఐసీ చచ్చిపోతుంది. కాబట్టి ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వెంటనే ఆపేసి, ముందు ఆ భాగం బాగుచేయించండి. వెనక ఉన్న అంచు కనెక్టర్‌కు ఏదైనా తగిలించాలన్నా, తీయాలన్నా కరెంటు ఆపి చేయాలి. ఆ ట్రాన్సిస్టర్లు పోవడానికి మామూలు కారణం కరెంటు ఉండగా అలా చేయడమే.

బొమ్మ చూడటానికి స్పెక్ట్రమ్ యాంటెన్నా తీగలోంచి యూహెచ్‌ఎఫ్ 36వ చానల్ మీద సిగ్నల్ పంపుతుంది. కొత్త టీవీల్లో అది పట్టడం కష్టం. ఆ సిగ్నల్ తయారుచేసే, బోర్డు మీది రేకు పెట్టెలో చిన్న మార్పు చేయిస్తే అదే రంధ్రం నుంచి నేరుగా కాంపోజిట్ వీడియో వస్తుంది, టీవీ పసుప్పచ్చ సాకెట్లో పెట్టుకోవచ్చు. మళ్లీ మునుపటిలా చేసుకోగలిగే మార్పే కాబట్టి నిశ్చింతగా చేయించండి.

అన్నీ బాగుంటే తెర ఒక్క క్షణం నల్లబడి, తెల్లబడి, అడుగున సింక్లెయిర్ రీసెర్చ్ పేరు, 1982 సంవత్సరం కనిపిస్తాయి. గజిబిజి గళ్లు కనిపిస్తే అనుమానం మొదట కింది ర్యామ్ మీద పెట్టాలి, ఎందుకంటే తెర బొమ్మ ఉండేది ఆ భాగంలోనే. పేరు కనిపించాక ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని కొట్టండి. 65535 వస్తే 48 కేబీ మొత్తం బతికే ఉంది. 32767 వస్తే పై ర్యామ్ లేదన్నట్టు, అయినా 16 కేబీ మెషిన్‌గా నడుస్తుంది. పై ఐసీలు తర్వాత చూసుకోవచ్చు.

టేపు నుంచి లోడు చేయడానికి ఇక టేప్‌రికార్డర్ అక్కర్లేదు. మీరు దాచిన ఫైలునే శబ్దంగా మార్చి, ఫోన్ నుంచి తీగతో ఇయర్ సాకెట్‌కు ఇవ్వండి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి. తెర చుట్టూ అంచున ఎర్ర, లేత నీలం చారలు మెల్లగా కదులుతాయి, అది కూత. తర్వాత నీలం, పసుపు చారలు సన్నగా పరుగెత్తుతాయి, అది డేటా. 48 కేబీ నిండిన ఆట అయితే నాలుగైదు నిమిషాలు పడుతుంది.

ఇక మూడో ప్రశ్న. ఎమ్యులేటర్ చాలు అనే మీ ఇంట్లోవాళ్ల మాట ఆటల వరకూ నిజం. ఆటలే కావాలంటే ఎమ్యులేటర్ చాలు, డబ్బు ఖర్చు చేయొద్దు. కానీ మీ ఉత్తరం చదివితే మీకు కావాల్సింది ఆటలు కాదనిపించింది. చిన్నప్పుడు రాసుకున్న ప్రోగ్రాముల గురించి మీరు రాసినంత వివరంగా ఆటల గురించి రాయలేదు. ఆ పనికి నిజం మెషిన్ ఇచ్చేది ఎమ్యులేటర్ ఇవ్వదు.

ఈ మెషిన్ మొత్తం ఒక మనిషి బుర్రలో పడుతుంది. 3.5 మెగాహెర్ట్జ్ జడ్80 ప్రాసెసర్, 16 కేబీ రోమ్, 48 కేబీ ర్యామ్, తెర బొమ్మ, కీబోర్డు, టేపు చూసుకునే యూఎల్‌ఏ అనే ఐసీ ఒకటి. ఆ రోమ్‌లోని ప్రోగ్రామంతటికీ వివరణతో 1983లోనే పుస్తకం వచ్చింది. స్విచ్ వేసిన మరుక్షణం మీ ముందు ఖాళీ తెర, రాయమని అడిగే కర్సర్. అప్‌డేట్లు లేవు, పాస్‌వర్డ్ లేదు. నేను ఇవాళ్టి కంప్యూటర్లనూ రోజంతా వాడతాను, వాటి మీద నాకేం కోపం లేదు. కానీ ఒక మీట నొక్కితే ఆ సంకేతం ఏ పట్టీలోంచి ఏ పిన్నుకు పోయి, ఏ బైటుగా మారి, ఏ చుక్కగా వెలిగిందో మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూపగలిగిన కంప్యూటర్ ఇదే. ఏడో తరగతిలో మీరు దాన్ని సగమే అర్థం చేసుకుని ఉంటారు. ఇప్పుడు మిగతా సగం మీకు అందుతుంది. పాత ప్రోగ్రాము ఒకటి లోడు చేసి, అప్పుడు కుదరక వదిలేసిన దాన్ని ఇప్పుడు పూర్తి చేసి చూడండి. ఈ పని చేయించుకున్నవాళ్లలో మళ్లీ మళ్లీ మెషిన్ దగ్గరకొచ్చి కూర్చునేది అలా సొంత ప్రోగ్రాము తిరిగి పట్టుకున్నవాళ్లే. ఆటల కోసం బాగుచేయించుకున్నవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు.

డబ్బు సంగతి కూడా అదే దారిలో ఆలోచించండి. టేపులకు అయ్యే ఖర్చు బెల్టు, ఒక తీగ, అంతే. దానికి వెనకాడొద్దు. కీబోర్డు పొర, కండెన్సర్లు, అడాప్టర్ రెండో విడత. ర్యామ్ ఐసీలు, యూఎల్‌ఏ దాకా వెళ్లాల్సి వస్తే ముందు నాకు రాయండి. యూఎల్‌ఏ పోయిందని అనుకున్నవి చాలాసార్లు వోల్టేజీ లోపాలుగా తేలాయి, అది మార్చమని ఎవరు చెప్పినా వెంటనే ఒప్పుకోవద్దు.

మూత తీశాక బోర్డు ఫొటో పెట్టండి. బోర్డు మీద ఇష్యూ అని ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది, అది కనబడేలా తీయండి. ఒక్కో ఇష్యూలో భాగాల అమరిక ఒక్కోలా ఉంటుంది, అది చూస్తే ఏ కండెన్సర్లు ఏ విలువవి తెచ్చుకోవాలో జాబితా రాసిస్తాను.